మామిడి వర్తకుడు – ఇంటి లెక్క

నూజివీడు సీమలో మామిడిని నమ్ముకొని బ్రతుకువారిలో రైతును గూర్చి పలువురు వ్రాసిరి. కోతకూలీని గూర్చి అప్పుడప్పుడు వ్రాసినవారు కలరు. కాయను లారీకెత్తించి, దాని వెనుకనే తానును బయలుదేరి, నాగపురమనియు, ఢిల్లీయనియు, కలకత్తాయనియు తిరిగి, మృగశిర కార్తె దాటిన పిమ్మటగాని యిల్లు చేరని చిన్న వర్తకుని గూర్చి వ్రాసినవారు మాత్రము మిక్కిలి యరుదు. రైతు కంటికి వాడు బేరగాడు. మండీవాని కంటికి సరకు తెచ్చువాడు. అప్పిచ్చినవాని కంటికి ఖాతాదారు. వీటన్నిటికంటె ముందు వాడొక గృహస్థుడనియు, ఒక యిల్లాలికి భర్తయనియు, బిడ్డలకు తండ్రియనియు, ముదుసలి తల్లిదండ్రులకు కొడుకనియు ఎవరికిని జ్ఞప్తికి రాదు. ధరలు నిలిచిన యేట ఈ మరపువలన కలుగు కీడు పైకి కానరాదు. ధరలు కూలిన యేట ఆ కీడంతయు ఒక్కసారిగా యింటి గుమ్మములో వచ్చి నిలుచును. ఆ గుమ్మమును గూర్చియే నేడు నాలుగు మాటలు చెప్పదలచితిమి.

మొదట వర్తకము తీరు తెలియవలయును. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లాలో చేర్పబడిన నూజివీడు, దాని చుట్టునున్న ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి మండలములు, ఆ ప్రక్కనే విస్సన్నపేట, రెడ్డిగూడెము, మైలవరము, తిరువూరు ప్రాంతములు – ఇదంతయు ఎఱ్ఱనేలల మామిడి సీమ. నూజివీడు చిన్నరసములకు తెలుగునాట నున్న పేరు వేరుగ చెప్పనక్కరలేదు. కాని రసము త్వరగా పండును, త్వరగా మెత్తబడును. అది దూరప్రయాణమునకు ఓర్వదు. ఉత్తరాదికి పోవునది ముఖ్యముగా బంగినపల్లి. అది నాలుగు దినములు నిలువయుండునది. కలెక్టరు కాయ రసము తీయు కర్మాగారములకు పోవును. 1929లో గ్రాండ్ ట్రంక్ రైలు నడువ మొదలైన నాటినుండి ఉత్తరాది బెజవాడకు దగ్గరయ్యెను. నేడు విజయవాడ చెంతనున్న నున్న మామిడి బజారునుండియు, తోటలనుండి నేరుగను, లారీలు పదిహేడువందల కిలోమీటర్లకు పైబడిన దూరము పోయి ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీలో దిగుచున్నవి.

ఈ వర్తకమునకు పెట్టుబడి కాయ చేతికి రాకముందే కావలయును. పుష్యమాఘములలో చెట్టు పూతపట్టినపుడే వర్తకుడు తోటకు పోయి, పూతను చూచి కాపునకు వెలకట్టి, రైతునకు బయానా ఇచ్చును. ఆ పూతలో ఎంత నిలుచునో, ఎంత తేనెమంచు పురుగు పాలగునో, ఎంత మబ్బునకు మాడునో, ఎంత చైత్రవైశాఖముల గాలివానకు రాలునో చెప్పగలవాడు లేడు. మందు చల్లుట, కావలి పెట్టుట, చిక్కములతో కోయించుట, ఏరించుట, పెట్టెల కెత్తించుట, లారీకిరాయి – ఇవన్నియు రొక్కముతోనే జరుగవలయును. చిన్నవర్తకుని యొద్ద అంత రొక్కముండదు. కొంత మండీవాడు అడ్వాన్సుగా ఇచ్చును. అందుకు ప్రతిగా సరకంతయు తన కొట్టుకే రావలయునను కట్టడి యుండును. కొంత ఊరిలో నోటుమీద పుట్టును. మిగిలినది బావమరిది దగ్గరనో, పెదనాన్న కొడుకు దగ్గరనో మాటమీద తెచ్చినదై యుండును. ఇక నేమియు చాలకున్న, ఇల్లాలి మెడలోనిది.

పరిస్థితి తేటపడుటకై ఒక లెక్క వేసి చూపుదుము. ఇవి ఎవరి ఖాతాలోనివియు గావు, ఉదాహరణమునకు మేము వేసిన అంకెలు. టన్నుకు 15 వేల రూపాయలు రైతునకు పడినవనుకొందము. కోత మొదలు కిరాయి వరకు టన్నుకు మరి 10 వేలు. మొత్తము 25 వేలు. మండీలో టన్ను 30 వేలకు పోయి, పదింట నొకవంతు కమీషను క్రింద పోగా వర్తకునకు దక్కునది 27 వేలు. అనగా టన్నునకు 2 వేలు, పదిటన్నుల లారీకి 20 వేలు లాభము. అదే ధర 22 వేలకు దిగినచో, కమీషను పోగా వచ్చునది 19,800. టన్నునకు నష్టము 5,200. లారీకి 52 వేలు. ధర తగ్గినది నాలుగింట నొకవంతుకు కొంచెము మించి మాత్రమే. ఆ ఒక్క లారీ నష్టము రెండున్నర లారీల లాభమును మ్రింగివేసినది. ఏలన, లారీకిరాయి ధరను చూచి తగ్గదు, కూలి తగ్గదు, రైతుకిచ్చిన బయానా వెనుకకు రాదు. ఆ 52 వేలకు నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ యైనచో, వచ్చు కాపు నాటికి పది నెలలలో మరి 10,400 పెరుగును. ఒక వేసవిలో ఇట్టి లారీలు నాలుగైదు పోయినచో ఆ యింటి గతి యేమగునో చదువరులే ఊహించుకొందురు గాక.

అట్టి కష్టకాలము కేవలము ఊహ గాదు. 2020 మార్చి 25 నుండి దేశమంతటను రాకపోకలు బంధింపబడెను. అది సరిగా కాయ ఎదుగు వేళ. ఏటేట వచ్చు ఉత్తరాది కొనుగోలుదారులు రాలేకపోయిరి. హోటళ్లు, పండ్లరసపు దుకాణములు మూతపడెను. ఏప్రిల్‌లో ఆజాద్‌పూర్ మండీలోనే వ్యాధి కానవచ్చి కొన్ని కొట్లు మూయవలసి వచ్చెను. కాయకు ఈ బంధనములు తెలియవు గదా! అది తన వేళకు తాను ముదిరెను. ధర పడిపోవుటకు మహమ్మారియే రానక్కరలేదనుట 2025 వేసవిలో చిత్తూరు జిల్లాలో తేటపడెను. అచట తోతాపురి కాయ కర్మాగారముల వాకిట బారులు తీరి నిలువగా, కర్మాగారమువారు కిలోకు 8 రూపాయలు ఇవ్వవలెననియు, ప్రభుత్వము 4 రూపాయలు కలుపుననియు ఏర్పాటు చేయవలసి వచ్చెను. అట్టి సాయము రైతు పేర వచ్చును, అది న్యాయమే. కాని పూతమీదనే రైతు చేతిలో రొక్కము పోసి, ఆ కాపు కష్టనష్టములు తన నెత్తికెత్తుకొన్న చిన్నవర్తకుని యింటికి ఏ సాయమును పేరుపెట్టి రాదు. వాని పేరు వినినంతనే లోకమునకు దళారి యను మాట తోచును. దళారి యనగనే దయ తప్పును.

వర్తకులందరును నిర్దోషులని మా యభిప్రాయము గాదు. తూకములో మోసము, ధర కట్టుటలో మోసము, మందుపెట్టి మాగబెట్టుట – ఈ పాపములు బజారులో కలవు. వానిని ఖండింపవలసిన చోట ఖండింపవలసినదే. నేటి ప్రస్తావము వేరు. న్యాయముగా వర్తకము చేసి, కాలము కలిసిరాక చెడిన వాని యింటిలో ఏమి జరుగుచున్నదనునదే మా ప్రశ్న.

జరుగుచున్నది ఇది. వర్తకుడు చైత్రములో ఇల్లు విడుచును. బిడ్డలకు ఏప్రిల్ నెలాఖరున బడులు మూసి జూన్ రెండవ వారమున తెరతురు; అనగా బిడ్డలింటనున్న దినములన్నియు తండ్రి ఇంట లేని దినములే. వైశాఖ జ్యేష్ఠములు పెండ్లిండ్లమాసములు. బంధువుల పెండ్లిలో ఇల్లాలు ఒంటరిగా పీటలపై చదివింపులు చదివించి వచ్చును. ఇది యేటేట నున్నదే. ఇంటివారు దీనికి అలవాటుపడినవారే. ప్రతిరాత్రి ఫోను వచ్చును. అన్నము తింటిరా, నాన్నకు మందు తెచ్చితిరా, పిల్లవాని కాలు నయమైనదా అని వాడడుగును. మీరు తింటిరా, అక్కడ ఎండలెట్లున్నవి అని ఆమె అడుగును. ఇరువురును ఒకరినొకరు ప్రేమించువారే. కాని ఆనాడు మండీలో ఎంత ధర పడినదో వాడు చెప్పడు, ఆమె యడుగదు. పదిదినములకొకసారి ఫోనులోనే కొంత సొమ్ము వచ్చి పడును. ఆ సొమ్ము లాభములోనిదో, క్రొత్త అప్పులోనిదో ఇంటివారెరుగరు.

ఆషాఢము వచ్చును. వర్తకుడు తిరిగి రాడు. లేదా వచ్చియు మాటలాడడు. ఫోను ఎత్తుట మానును. అప్పుడు ఒకనాటి యుదయమున అప్పులవాడు వాకిట నిలిచి, నోటు తీసి చూపి, మొత్తము చెప్పును. తన యింటి అప్పెంతయో ఇల్లాలు మొదటిసారి వినునది పరాయివాని నోట, వీధిలో, ఇరుగుపొరుగు వినుచుండగా. ఆ తరువాత పుట్టింటివారి ప్రశ్నలు, అత్తమామల నిందలు, చదువు మానుకొను బిడ్డలు. కొన్ని యిండ్లలో ఇంతకంటె ఘోరమును జరుగుచున్నది. దానిని మేము విప్పి వ్రాయము. అప్పు మనుష్యుని చంపునంత బరువు గలది గాదు. దానిని ఒంటరిగా మోయుట చంపును.

ఇంటికి దూరముగ పోయి గడించుట తెలుగువానికి క్రొత్త గాదు. మన తాతలనాడు విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి లక్షకు మించిన జనము బర్మాలో నుండిరి. వారినోట రంగూను రంగమయ్యెను. 1929లో మొదలైన ప్రపంచ ఆర్థికమాంద్యము తెలుగు డెల్టాలలో ధాన్యము ధరను విరుగగొట్టినపుడు ఎన్నో కుటుంబములు రంగమునుండి వచ్చు మనియార్డరు మీదనే నిలిచెను. 1930 మే మాసమున రంగూను రేవులో తెలుగు కూలీలపై అల్లరులు చెలరేగినపుడు, 1941 డిసెంబరులో ఆ పట్టణముపై బాంబులు పడి జనము కాలినడకన కొండలు దాటి రావలసి వచ్చినపుడు, ఇచటి యిండ్లలో ఎట్టి రాత్రులు గడచెనో చెప్పనలవి గాదు. అయినను ఆ కాలపు మనియార్డరులో ఒక గుణము కలదు. సొమ్ముతోపాటు నాలుగు పంక్తులు వ్రాయుటకు అందులో చోటుండెను. తపాలా బంట్రోతు వాకిట కూర్చుండి దానిని చదువగా ఇల్లంతయు వినుచుండెను. ఇది కూలి సొమ్మో, చేబదులో, దీనితో ఏమి తీర్పవలయునో ఆ నాలుగు పంక్తులలోనే తెలియుచుండెను.

1880లో మన తపాలాశాఖ మనియార్డరు ఆరంభించెను. 2013 జూలైలో తంతి నిలిచిపోయెను. 2016 నుండి చేతిలోని ఫోనుతోనే సొమ్ము రెప్పపాటులో పోవుచున్నది. ఇవన్నియు మేలు చేసినవే. కాని సొమ్మొక దారిని, మాటయొక దారిని పోవుచు, లెక్కకు మాత్రము ఏ దారియు లేకుండ పోయినది. ఢిల్లీకి నూజివీడు ఇంత దగ్గరగా ఎన్నడును లేదు. కాని మండీలోని ధర పడకటింటికి నేటికిని చేరుట లేదు.

దీనికి వర్తకుడు చెప్పు సమాధానము మాకు తెలియును. "ఇంట చెప్పిన భయపడుదురు. భయపడినవారు పుట్టింట చెప్పుదురు. పుట్టింట తెలిసిన ఊరంత తెలియును. ఊరికి తెలిసిన పరపతి పోవును. పరపతి పోయిన రేపు బయానాకు రూపాయి పుట్టదు" అని వాడనును. ఇందులో కొంత నిజము లేకపోలేదు. వర్తకుని మూలధనము పరపతియే. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత ఊరక పుట్టలేదు. కాని సామెత ఇంటిగుట్టు బయటికి పోరాదన్నది గాని, ఇంటివారికే తెలియరాదనలేదు. పైగా చూడుడు: ఆ గుట్టు ఎవరికి తెలియును? మండీవానికి తెలియును. గుమాస్తాకు తెలియును. నోటు వ్రాసినవానికి, సాక్షి సంతకము పెట్టిన ఇద్దరికి తెలియును. బంగారము కుదువబట్టిన కొట్టువానికి తెలియును. ఊరిలో అరడజను మందికి తెలిసి, తన పక్కన పరుండు మనిషికి తెలియని దానిని గుట్టనుట యెట్లు?

భయపడుదురన్న మాటను కూడ విచారింతము. ఆషాఢమున అప్పులవాని నోట మొత్తము విని కలుగు భయమెక్కువయా, వైశాఖమున భర్తనోట ధర తగ్గినదని విని కలుగు భయమెక్కువయా? వైశాఖముననే తెలిసిన యిల్లాలు ఆ నెలలో రావలసిన చీరె మానును, మేడపై వేయదలచిన గది మానును, బిడ్డ పెండ్లికి మాట యిచ్చుట ఒక యేడు వెనుకకు జరుపును. అన్నిటికంటె ముఖ్యముగా, "ఇక కొనకుడు, ఉన్నదానితో తిరిగి రండు" అను ఒక్క మాట చెప్పును. నష్టపడిన వర్తకుడు ఆ నష్టమును పూడ్చుకొనుటకై రెట్టింపు అప్పుతో మరి రెండు తోటలు పట్టుటయే సాధారణముగా వానిని ముంచునది. ఆ వేళ వానిని ఆపగల మనిషి లోకములో ఒక్కతె కలదు. ఆమెకే సంగతి తెలియదు.

మన ధర్మశాస్త్రములు ఈ విషయమున మౌనము వహింపలేదు. పనిమీద పరదేశమేగువాడు భార్యకు జీవనోపాధి కల్పించిన పిమ్మటనే బయలుదేరవలెనని మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున విధించెను. ప్రయాణమునకు ముందు ఇంటి ఏర్పాటు. ఆ వరుస తప్పరాదు. యాజ్ఞవల్క్యుడు మరియొక ముఖ్య విషయము చెప్పెను. భర్త తీసికొన్న స్త్రీధనమును తిరిగి ఇయ్యనక్కరలేని సందర్భములు నాలుగే యని లెక్కించెను: కరవు, ధర్మకార్యము, వ్యాధి, నిర్బంధము. బేరములో నష్టము ఆ నాలుగింటిలో లేదు. అనగా మామిడి బయానాకై తీసిన నగ, ఆనాటి శాస్త్రమున కూడ, భార్యకు తీర్పవలసిన ఋణమేగాని భర్త సొమ్ము గాదు. నేటి న్యాయస్థానములును ఇంతకంటె మెత్తగ పలుకలేదు. స్త్రీధనము భార్యకే సర్వహక్కులు గల సొత్తని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. భర్త ఇక్కట్టులలో దానిని వాడుకొనవచ్చును గాని తిరిగి ఇచ్చు నైతికబాధ్యత వానిపై కలదని 2024 ఏప్రిల్‌లో మరల స్పష్టపరచెను. మండీవాని అడ్వాన్సు చిట్టాలో కెక్కును. బావమరిది చేబదులు చిట్టాలో కెక్కును. ఇల్లాలి నగ మాత్రము ఏ చిట్టాలోను కెక్కదు. ఇది అన్యాయము.

కొడుకుల మాటయు అట్టిదే. తండ్రి ఋణము తీర్చుట పుత్రధర్మమని ప్రాచీనులు చెప్పిరి. ఆంగ్లేయుల కాలపు న్యాయస్థానములును దానిని అమలుపరచెను. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించినపుడు, ఆపై చేసిన అప్పుల విషయమున ఆ ధర్మము పేర మాత్రమే కొడుకు మీదికి పోవుటకు వీలు లేకుండ చేసిరి. చట్టము మారినను ఊరు మారలేదు. తండ్రి పేరు నిలబెట్టవలెనని, తానెన్నడును చూడని నోటుకు, తానెరుగని వడ్డీకి కొడుకు చదువుమాని తలయొగ్గుచున్నాడు. ఆ గుణమును మేము మెచ్చుకొందుము. కాని అట్టి కొడుకునకు, అప్పు తీర్చు నాడు కాక, అప్పు చేయు నాడే సంగతి తెలుపుట తండ్రి ధర్మము గాదా?

ఆడువారికి లెక్కలు తెలియవన్న మాట నేటికిని వినబడుచున్నది. తెలుగునాట ఈ మాట చెల్లదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటనుండి లేచిన సారా వ్యతిరేకోద్యమము తరువాత పల్లెపల్లెన స్త్రీల పొదుపు సంఘములు పెరిగెను. ఈ సీమలోను అవి లేని ఊరు లేదు. ఆ సంఘములో ప్రతి రూపాయి పుస్తకములోకి ఎక్కును. ఎవరికెంత బాకీ, ఎప్పుడు కట్టవలయును అనునది అందరి యెదుట చదువుదురు. పదిమంది అప్పులకు ఒకరికొకరు పూచీపడి, వాయిదా తప్పకుండ బ్యాంకునకు కట్టుచున్నారు. పదియిండ్ల సొమ్మునకు లెక్క చూడగల స్త్రీ తన యింటి లెక్క చూడజాలదనుట ఎట్టి తర్కము? పలుమారు ఆ సంఘపు అప్పే భర్త బయానాకు పోవుచున్నది. తన సంతకముతో తెచ్చిన సొమ్ము ఏ తోటపై పడినదో తెలిసికొను హక్కు ఆమెకు లేదందురా?

కావున మా సూచన చిన్నది. ఉగాదినాడు మనము పంచాంగము వినుచున్నాము. ఎవరి రాశికి ఆదాయమెంత, వ్యయమెంత అని శ్రద్ధతో అడిగి తెలిసికొందుము. ఉగాది చైత్రారంభమున వచ్చును. మామిడి వర్తకుడు ప్రయాణమగునదియు ఆ దినములలోనే. ఆనాడు పంచాంగశ్రవణమైన పిమ్మట, ఇంటి తలుపు మూసికొని, వర్తకుడు తన భార్యను, ఎదిగిన కొడుకును, కూతును కూర్చుండబెట్టుకొని, తన నిజమైన ఆదాయవ్యయములను చదివి వినిపింపవలయును. ఏ తోట ఎంతకు పట్టితిని, ఎవరికెంత బయానా యిచ్చితిని, ఎవరి దగ్గర ఎంత తెచ్చితిని, వడ్డీ యెంత, ఏ నోటు ఏ తేదీది, ఏది కుదువలో నున్నది – ఈ ఆరు సంగతులు ఒక పుస్తకములో వ్రాసి ఆ పుస్తకము ఇంటనే ఉంచి పోవలయును. తాను తిరిగి వచ్చువరకు ఇంటికి కావలసిన మూడునెలల గ్రాసము, బడి రుసుము, మందుల సొమ్ము బేరములో కలుపక వేరుగ తీసి పెట్టవలయును. మండీలో పడిన ధర వారమునకొకసారి ఫోనులో చెప్పవలయును; ఇంటివారు దానిని పుస్తకములో వ్రాసికొనవలయును. మృగశిర కార్తెతో కాపు ముగియును. అప్పుడు మరల అందరును కూర్చుండి ఆ పుస్తకమును ముగింపవలయును. లాభమైన, ఇల్లాలి నగ మొదట విడిపింపవలయును. నష్టమైన, ఏది అమ్మి ఏది తీర్చుటయో అందరును కలిసి నిర్ణయింపవలయును.

ఇందుకు చట్టమక్కరలేదు, చందా లక్కరలేదు, సభలక్కరలేదు. రెండణాల పుస్తకమని వెనుకటివారనెడివారు. నేడు ముప్పది రూపాయల పుస్తకము చాలును. కావలసినదెల్ల ఒక్క ఘడియసేపు అభిమానమును ప్రక్కనుంచుట. ఆ అభిమానమే కష్టమైనదని మేమెరుగుదుము. నష్టమును భార్య యెదుట చెప్పుట పురుషునకు నోటు వ్రాయుటకంటె బరువు. కాని నోటు వ్రాసినచోట వాని మాటకు ఈడు ఆస్తి. భార్య యెదుట చెప్పినచోట ఈడడుగు వారెవరును లేరు.

ఇంటివారికిని ఒక ధర్మము కలదు. నష్టము విన్న వెంటనే ఎత్తిపొడుపులకు దిగినచో, వచ్చు యేడు వాడు చెప్పడు. ఇరుగింటి వర్తకుడు మేడకట్టెనని దెప్పినచో, వాడు అప్పుచేసి మేడకట్టును. పుట్టింటికి పోయి చెప్పుకొన్నచో, వాడన్న పరపతి మాట నిజమగును. వర్తకుని నోరు మూయించునది అభిమానమొక్కటే గాదు. ఇంట వినెడు తీరు కూడ. లెక్క చెప్పించుకొనగోరు ఇల్లు లెక్క వినుట నేర్చుకొనవలయును.

సంఘమునకును పని కలదు. నూజివీడు, నున్న ప్రాంతముల వర్తకసంఘములు ధరలను గూర్చి, లారీలను గూర్చి, సెస్సులను గూర్చి మాటలాడుచున్నవి, మంచిదే. తమలో చెడిన చిన్నవర్తకుని కుటుంబమునకు ఒక వేసవి గ్రాసమునకైన చాలునంత నిధిని టన్నునకింతయని వేసికొని కూడబెట్టుట వారికి అసాధ్యము గాదు. మండీవాడు పంపిన సరకునకు, పడిన ధరకు, కోసిన కమీషనునకు వ్రాతమూలకమగు పట్టీ యిచ్చుట, ఆ పట్టీ నకలు ఇంటి ఫోనునకు కూడ పంపుట నేడు నిమిషపు పని. బ్యాంకులు తోట పత్రమును చూచి రైతునకిచ్చునట్లే, కాపు గుత్త పత్రమును చూచి చిన్నవర్తకునకును న్యాయమైన వడ్డీకి ఋణమిచ్చు మార్గమును ప్రభుత్వము ఆలోచింపవలయును. నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీమీద నడచు వర్తకము కాలము కలిసివచ్చిన యేట మాత్రమే నడచును.

నూజివీడు సీమనుండి ఈ దేశము పండును పొందుచున్నది. ఢిల్లీ వీధిలో వేసవి మధ్యాహ్నమున బంగినపల్లి కోసికొని తిను కుటుంబము, దానిని తెచ్చిన మనిషి తన కుటుంబమును చూడక రెండునెలలైనదని ఎరుగదు, ఎరుగనవసరము లేదు. ఎరుగవలసినవారు ఇచట నున్నారు. కాపు మన చేతిలో లేదు, వాన మన చేతిలో లేదు, ఆజాద్‌పూర్ ధర మన చేతిలో లేదు. ఇంట సత్యము చెప్పుకొనుట మన చేతిలోనిది. చిట్టాను ఇంటిలో విప్పిన వర్తకుడు నష్టపడవచ్చును. కాని ఆ నష్టమునకు నలుగురు భుజములు పట్టుదురు. రాబోవు ఉగాదికి మామిడి సీమలోని యిండ్లలో పంచాంగముతోపాటు ఈ రెండవ పుస్తకమును కూడ తెరతురని ఆశించుచున్నాము.